'పాస్ అవుట్' అంటే చదువు పూర్తవడమా, స్పృహ తప్పడమా? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ళ కిందట డాలస్‌లో ఉన్న మా పిన్ని ఇంట్లో జరిగిన సంగతి ఇది. పొద్దున్నే బాబాయి వంటింటి గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆ సమయానికి ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే ఉన్నారు. అంత కంగారులోనూ పిన్ని 911కి ఫోన్ చేసి "మై హస్బెండ్ ఫెల్ డౌన్" అని చెప్పగలిగింది. అవతలి ఆవిడ వెంటనే "డిడ్ హి పాస్ అవుట్?" అని అడిగింది.

మా పిన్ని హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పింది. ఇంగ్లిష్ రాని మనిషి కాదు. కానీ ఆమెకు తెలిసిన పాస్ అవుట్ ఒకటే, చదువు పూర్తి చేసి కాలేజీ నుంచి బయటికి రావడం. మొగుడు నేల మీద పడి ఉంటే ఈవిడ చదువు సంగతి ఎందుకు అడుగుతోందో ఆమెకు అర్థం కాలేదు. "వాట్?" అని రెండుసార్లు అడిగింది. ఫోన్లో ఉన్నావిడ మాట మార్చి "ఈజ్ హి అవేక్?" అంది. దానికి మాత్రం పిన్ని తడుముకోకుండా "నో" అంది. బాబాయికి షుగర్ బాగా పడిపోయిందని తర్వాత తేలింది. అంబులెన్సు వచ్చింది, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఆ పది సెకన్లు మాత్రం పిన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌లో ఈ ఒక్క మాట కోసం ఒక క్లాసు పెట్టుకున్నాను. ఆ క్లాసులో పిల్లలు అడిగినవి, వాళ్ళ అమ్మానాన్నలు అడిగినవి, అమెరికా నుంచి పాత విద్యార్థులు ఫోన్ చేసి అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అసలు 'పాస్ అవుట్' అంటే ఏమిటి? ముందు క్లుప్తంగా చెప్పండి.

వాడుకలో ప్రధానంగా నాలుగు అర్థాలున్నాయి. ఒకటి, స్పృహ తప్పడం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల్లో ఎక్కువమందికి మొదట తట్టేది ఇదే. రెండు, సైన్యం, పోలీసు లాంటి సంస్థల్లో శిక్షణ ముగించుకొని బయటికి రావడం. ఇది బ్రిటిష్ వాడుక. మూడు, మన దేశంలో స్కూలు, కాలేజీ, యూనివర్సిటీ ఏదైనా సరే చదువు పూర్తి చేయడం. నాలుగు, కాగితాల్లాంటివి అందరికీ పంచడం. ఇది అమెరికాలో ఎక్కువ.

పేకాటలో బ్రిడ్జ్ ఆడేవాళ్ళకు మరో అర్థం కూడా తెలిసే ఉంటుంది. నలుగురూ పాస్ అనేస్తే ఆ చేతిని పాస్డ్ అవుట్ అంటారు. ఆట తెలియనివాళ్ళకు దాంతో పనిలేదు.

'పాస్' తెలుసు, 'అవుట్' తెలుసు. రెండూ కలిస్తే స్పృహ తప్పడం ఎలా అవుతుంది?

ఫ్రేజల్ వెర్బ్ అంటేనే అది. ఒక క్రియ, దాని పక్కన అవుట్, అప్, ఆఫ్ లాంటి చిన్న మాట. రెండూ చేరగానే ఆ జంటకు సొంత అర్థం పుడుతుంది. విడివిడి అర్థాలను కూడితే అది దొరకదు. ఇది మనకొక్కరికే కష్టంగా ఉందనుకోకండి. 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతుందని రాశాడు.

అయితే తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదని పిల్లలకు నేను గట్టిగా చెబుతాను. 'కొట్టు' అనే మాట తీసుకోండి. "బస్సులో ఎవడో నా పర్సు కొట్టేశాడు" అంటే పర్సును ఎవరో చితకబాదారని ఎవరూ అనుకోరు. దొంగిలించాడని అర్థమవుతుంది. "వరదలో వంతెన కొట్టుకుపోయింది" అంటే ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కొట్టుకి 'వేయు' చేరితే దొంగతనం, 'కొను', 'పోవు' చేరితే వరద. ఇవి మనకు ఎవరూ సూత్రం చెప్పి నేర్పలేదు. అమ్మ నోట విన్నాం, బజారులో విన్నాం, మాట మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకున్నాం. ఇంగ్లిష్ పాస్ అవుట్‌ని కూడా అలాగే ముద్దగానే తీసుకోవాలి.

ఆసక్తి ఉన్నవాళ్ళకు ఒక చిన్న ఆధారం ఇస్తాను. 'పాస్' అనే మాటకు మూలం లాటిన్‌లోని 'పాసుస్'. దాని అర్థం అడుగు. కాబట్టి పాస్ అవుట్‌లో అడుగు బయటికి వేయడం అనే ఊహ దాగి ఉంది. శిక్షణ నుంచి బయటికి అడుగు వేస్తే ఒక అర్థం, తెలివిలోంచి బయటికి పడితే ఇంకో అర్థం. గుర్తుపెట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. కొత్త ఫ్రేజల్ వెర్బ్‌లకు అర్థం ఊహించడానికి మాత్రం దీన్ని వాడకండి, దెబ్బతింటారు.

అంటే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అనడం తప్పా? మా లెక్చరర్లందరూ అలాగే అంటారు.

తప్పు కాదు. ఈ మాట చెబితే పిల్లల ముఖాల్లో ఊరట కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కడో ఎవరో దీన్ని 'ఇండియన్ ఇంగ్లిష్ పొరపాట్ల' జాబితాలో పెట్టి వాళ్ళను భయపెట్టి ఉంటారు.

ఈ వాడుకకు వెనక చరిత్ర ఉంది. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగిసిన క్యాడెట్లు చేసే కవాతును పాసింగ్ అవుట్ పరేడ్ అంటారు. ఆ మాట మన సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ ఇప్పటికీ ఉంది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ చివర క్యాడెట్లు నెమ్మదిగా కవాతు చేస్తూ చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి లోపలికి వెళ్తారు. ఆ ఆఖరి అడుగుకు 'అంతిమ్ పగ్' అని పేరు. పాస్ అంటే అడుగు అని పైన చెప్పాను కదా, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ అనుకొని చేసి ఉండరు, కానీ లాటిన్‌లో ఉన్న అడుగే హిందీలో మళ్ళీ వచ్చింది.

మన హైదరాబాదులోనే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఉంది. 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో హైదరాబాదుకు వచ్చింది. శిక్షణ పూర్తయిన ఐపీఎస్ అధికారుల పాసింగ్ అవుట్ పరేడ్ వార్తలు మన పత్రికల్లో చూస్తూనే ఉంటాం. అదే ఊరి శివార్లలో దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ తన కార్యక్రమానికి కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ అని పేరు పెట్టుకుంది. ఒకే ఊరిలో ఒకే పనికి రెండు పేర్లు.

బ్రిటన్‌లో ఈ అర్థం శిక్షణ సంస్థల దగ్గరే ఆగింది. మనం దాన్ని ఇంజనీరింగ్ కాలేజీకీ, జూనియర్ కాలేజీకీ, పదో తరగతికీ కూడా వాడుకుంటున్నాం. కోట్లమంది వాడే మాటను తప్పు అనడానికి నాకు మనసు ఒప్పదు. నేను అడిగేది ఒక్కటే, ఎదుట వింటున్నది ఎవరు?

దీనికి మన భాషలోనే పోలిక ఉంది. కరీంనగర్‌లో ఒక పిల్లవాడు "మా నాయన పొద్దుగాలనే పోయిండు" అంటే పనికి వెళ్ళాడని అర్థం. గుంటూరులో ఒకరు "మా నాన్న పొద్దున్నే పోయారు" అంటే విన్నవాళ్ళ గుండె ఝల్లుమంటుంది. ఇద్దరూ మంచి తెలుగే మాట్లాడారు. కరీంనగర్ పిల్లవాడు గుంటూరులో హాస్టల్లో చేరితే వారం తిరక్కుండా ఎక్కడ 'వెళ్ళాడు' అనాలో పట్టేస్తాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మళ్ళీ 'పోయిండు' అంటాడు. అందుకు ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు. పాస్ అవుట్ విషయంలోనూ నేను కోరేది ఆ నేర్పే.

మరి అమెరికావాళ్ళతో, బ్రిటిష్‌వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏమనాలి?

డిగ్రీ అయితే "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019" అంటే ఎక్కడైనా చెల్లుతుంది. కాలేజీ పేరు చెప్పాలంటే 'ఫ్రమ్' పెట్టండి. అమెరికాలో కొందరు ఆ ఫ్రమ్ వదిలేసి మాట్లాడతారు. మీరు మాత్రం ఉంచండి, రాతలో అదే పద్ధతి. "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019", "ఐ ఫినిష్డ్ మై డిగ్రీ" కూడా హాయిగా వాడుకోవచ్చు.

రెజ్యూమెలో అసలు వాక్యమే అక్కర్లేదు. బీటెక్, కాలేజీ పేరు, 2015–2019 అని రాస్తే చాలు. 'ఇయర్ ఆఫ్ పాస్డ్ అవుట్' అని రాసిన రెజ్యూమెలు ప్రతి ఏడాదీ నా టేబుల్ మీదికి వస్తాయి. అది మన ఇంగ్లిష్‌లోనూ కుదరదు. 'ఆఫ్' తర్వాత 'పాసింగ్' రావాలి. 'ఇయర్ ఆఫ్ పాసింగ్' అని మన మార్కుల మెమోల్లో, దరఖాస్తుల్లో ఉండేది సరైనదే.

పదో తరగతికీ, ఇంటర్‌కీ 'గ్రాడ్యుయేటెడ్' అనొచ్చా?

అమెరికాలో హైస్కూలు ముగించినా గ్రాడ్యుయేట్ అయినట్టే చెబుతారు. బ్రిటన్‌లో సంప్రదాయంగా ఆ మాట డిగ్రీకే. స్కూలు విషయంలో 'లెఫ్ట్ స్కూల్', 'ఫినిష్డ్ స్కూల్' అంటారు. మన దగ్గర గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ ఉన్నవాడే కాబట్టి ఇంటర్‌కి ఆ మాట వాడితే ఇక్కడివాళ్ళు అపార్థం చేసుకుంటారు. "ఫినిష్డ్ ఇంటర్మీడియట్ ఇన్ 2015" అనండి, ఎవరికీ సందేహం రాదు.

"ఐ వాజ్ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని రాస్తే ఒక సార్ కొట్టేశారు. ఎందుకు?

ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. మనం తెలుగులో "పాసౌట్ అయ్యాను" అంటాం. ఇంగ్లిష్ క్రియ ఏది తెచ్చుకున్నా దానికి 'అవు', 'చేయు' తగిలించడం మన అలవాటు. సెలెక్ట్ అయ్యాను, ప్రమోట్ అయ్యాను, డిస్టర్బ్ అయ్యాను. వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు 'అయ్యాను' కాస్తా 'వాజ్' అవుతుంది. "ఐ వాజ్ సెలెక్టెడ్" సరిగ్గా కుదురుతుంది, ఎందుకంటే మనల్ని ఇంకెవరో ఎంపిక చేశారు. అదే దారిలో పాసౌట్ అయ్యాను కూడా 'వాజ్ పాస్డ్ అవుట్' అయిపోతుంది. కానీ ఇక్కడ బయటికి వచ్చింది మనమే, మనల్ని ఎవరూ బయటికి పంపలేదు. అందుకని ఆ 'వాజ్' తీసేయాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 'వాజ్ పాస్డ్ అవుట్' అనే మాట ఇంగ్లిష్‌లో నిజంగానే ఉంది. "హి వాజ్ పాస్డ్ అవుట్ ఆన్ ద సోఫా" అంటే సోఫా మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడని. తాగి పడిపోయినవాళ్ళ గురించి ఎక్కువగా వింటాం. కాబట్టి "ఐ వాజ్ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని ఒక అమెరికన్ చదివితే 2019లో ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నానని చెప్పినట్టు తోస్తుంది. ఏ వాజ్ లేని "ఐ పాస్డ్ అవుట్" కన్నా ఇది ఎక్కువ చేటు చేస్తుంది.

"పరీక్ష పాస్ అవుట్ అయ్యాను" అనొచ్చా?

అనకూడదు. పరీక్షకు అవుట్ అక్కర్లేదు. "ఐ పాస్డ్ ద ఎగ్జామ్" అంతే. పరీక్ష పాస్ అవుతాం, కాలేజీ నుంచి పాస్ అవుట్ అవుతాం. సప్లీలు మిగిలి ఉన్నవాళ్ళకు ఈ రెంటికీ ఉన్న దూరం నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 'కోప్' పక్కన అప్ చేర్చి "కోప్ అప్ విత్ టెన్షన్" అనడమూ ఇలాంటిదే. "కోప్ విత్" అంటే సరిపోతుంది.

"2023 పాసౌట్స్ మాత్రమే" అని ఉద్యోగ ప్రకటనల్లో ఉంటుంది. అది సరైన మాటేనా?

అమీర్‌పేట గోడల మీదా, వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగే మాట అది. మన దేశంలో ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళకు, ఇచ్చేవాళ్ళకు అర్థం స్పష్టంగా తెలుసు, కాబట్టి ఇక్కడ పని జరుగుతుంది. వేరే దేశపు కంపెనీకి రాసేటప్పుడు '2023 గ్రాడ్యుయేట్స్' అనండి. అమెరికన్లయితే 'క్లాస్ ఆఫ్ 2023' అంటారు.

వీసా ఇంటర్వ్యూలో నోరు జారి "పాస్డ్ అవుట్" అనేశాను. దెబ్బ పడుతుందా?

హైదరాబాదులో కూర్చొని మన పిల్లలను ఇంటర్వ్యూ చేసే అధికారి ఎదుట మీరు అన్న ఆ ఒక్క మాట గురించి నిద్ర మానుకోకండి. అక్కడ మాట్లాడేది మీ చదువు, మీ డబ్బు ఏర్పాట్లు, మీరు వెళ్ళే ఉద్దేశం గురించి. ఆ ఇంటర్వ్యూ వ్యాకరణ పరీక్ష కాదు. ముందుగా ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్..." అని నాలుగుసార్లు పైకి అనుకొని వెళ్ళండి. టెన్షన్లో నోటికి వచ్చేది అలవాటైన మాటే.

స్పృహ తప్పడానికి 'ఫెయింట్' ఉంది కదా? పాస్ అవుట్, ఫెయింట్, బ్లాక్ అవుట్ మూడూ ఒకటేనా?

దగ్గర చుట్టాలే, కానీ ఒకటి కావు.

ఫెయింట్ అంటే మనం సొమ్మసిల్లడం అంటామే, అది. ఎండలో ఎక్కువసేపు నిలబడ్డా, రక్తం చూసి భయపడ్డా, తిండి లేకపోయినా మెదడుకు రక్తం చాలక కాసేపు తెలివి తప్పడం. సాధారణంగా నిమిషంలోపే తేరుకుంటారు. డాక్టర్లు సింకోపీ అని రాసేది దీన్నే.

పాస్ అవుట్ అంతకన్నా విశాలమైన మాట. సొమ్మసిల్లినా వాడొచ్చు, తాగి పడిపోయినా వాడొచ్చు, నొప్పి తట్టుకోలేక తెలివి తప్పినా వాడొచ్చు. రోజువారీ మాటల్లో అమెరికన్లు ఫెయింట్ కన్నా దీన్నే ఎక్కువగా పలకడం నేను గమనించాను. అలసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడాన్ని కూడా కుర్రకారు పాస్ అవుట్ అనేస్తారు. అమెరికాలో చదువుకునే మీ అబ్బాయి "నిన్న రాత్రి తొమ్మిదికే పాస్ అవుట్ అయిపోయానమ్మా, అందుకే ఫోన్ ఎత్తలేదు" అంటే హడలిపోకండి. మంచం మీద వాలగానే నిద్ర పట్టేసిందని చెబుతున్నాడు.

బ్లాక్ అవుట్‌కి స్పృహ తప్పడం అనే అర్థం ఉంది, దానితోపాటు మరొకటీ ఉంది. మనిషి మేలుకొనే ఉంటాడు, నడుస్తాడు, మాట్లాడతాడు, తర్వాత అదేమీ గుర్తుండదు. మద్యం గురించి డాక్టరు "డిడ్ యూ బ్లాక్ అవుట్?" అని అడిగితే "ఆ సమయం మీకు గుర్తులేదా?" అనే ప్రశ్న కూడా అందులో ఉండొచ్చు. కాబట్టి ఆసుపత్రిలో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడకండి. మాట గుర్తు రాకపోతే ఏం జరిగిందో చిన్న మాటల్లో చెప్పండి.

మా అమ్మానాన్నలు అమెరికా వెళ్తున్నారు. పిన్నిగారికి వచ్చిన ఇబ్బంది రాకుండా ఏం నేర్పించాలి?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను అనుకోండి.

మనం ఫ్రేజల్ వెర్బ్‌లను మాట్లాడటానికి నేర్చుకుంటాం. పెద్దవాళ్ళకు కావలసింది వినడానికి. వాళ్ళు పాస్ అవుట్ అనకపోయినా ఏమీ కాదు. అవతలివాళ్ళు అన్నప్పుడు అర్థం కావాలి. మనిషి పడిపోయినప్పుడు ఫోన్లోనో, ఆసుపత్రిలోనో వినిపించే మాటలు ఇలా ఉంటాయి. "డిడ్ హి పాస్ అవుట్?" అంటే స్పృహ తప్పిందా అని. "హౌ లాంగ్ వాజ్ హి అవుట్?" అంటే ఎంతసేపు తెలివి లేకుండా ఉన్నారని. ఇక్కడ 'అవుట్' ఒక్కటే వచ్చింది చూడండి, పాస్ మాయమైంది. ఎక్కడికో బయటికి వెళ్ళారా అని అడుగుతున్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. "హ్యాజ్ హి కమ్ టు?" అంటే తేరుకున్నారా అని. బ్రిటన్‌లో 'కమ్ రౌండ్' అంటారు. "ఈజ్ హి బ్రీతింగ్?" అంటే ఊపిరి ఆడుతోందా అని.

కమ్ టు అనేది విన్నప్పుడు పెద్దవాళ్ళు తర్వాత ఇంకేదో మాట వస్తుందని ఎదురుచూస్తారు. 'టు' తర్వాత ఊరి పేరో, ఇంటి పేరో రావాలి కదా అని. ఏమీ రాదు. టు మీద ఒత్తి పలికి వాక్యం ఆపేస్తారు. మా పిన్నికి దీన్ని నేర్పేటప్పుడు నాలుగైదుసార్లు పలికి వినిపించాల్సి వచ్చింది.

చెప్పడానికి మాత్రం ఫ్రేజల్ వెర్బ్‌లేవీ వద్దు. "హి ఈజ్ నాట్ అవేక్", "హి ఈజ్ బ్రీతింగ్", "హి హ్యాజ్ షుగర్, డయాబెటిస్" అంటే చాలు. షుగర్ అని ఒక్కటే అంటే వాళ్ళకు తెలియకపోవచ్చు, అందుకే రెండో మాట చేర్చాను. ప్రశ్న అర్థం కాకపోతే "ఈజీ ఇంగ్లిష్ ప్లీజ్" అని అడగమనండి. అమెరికాలో చాలాచోట్ల ఫోన్లోనే దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. "తెలుగు" అని స్పష్టంగా చెప్పమనండి. అన్నిటికన్నా ముందు ఇంటి అడ్రసు పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మా పిన్ని ఇంట్లో ఇప్పుడు ఆ కాగితం కిందే ఈ నాలుగు ప్రశ్నలూ తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి.

మా అమ్మాయి అమెరికా స్కూల్లో చేరింది. టీచరు "పాస్ అవుట్ ద వర్క్‌షీట్స్" అన్నారట.

అందరికీ పంచిపెట్టమని చెప్పారు. ఈ అర్థంలో మాత్రం పాస్‌కీ అవుట్‌కీ మధ్య వస్తువును దూర్చవచ్చు. "పాస్ ద వర్క్‌షీట్స్ అవుట్" అన్నా సరే. 'వాటిని' అనాలంటే మధ్యలోనే పెట్టాలి, "పాస్ దెమ్ అవుట్". "పాస్ అవుట్ దెమ్" అనరు. 'హ్యాండ్ అవుట్' అన్నా అదే అర్థం. బ్రిటన్ పిల్లలు 'గివ్ అవుట్', 'హ్యాండ్ అవుట్' ఎక్కువగా వింటారు. స్పృహ తప్పే అర్థంలో మధ్యలో ఏదీ దూరదు.

పాస్ అవుట్, పాస్ అవే ఒకదాని బదులు ఒకటి రాస్తే?

చాలా ఇబ్బంది. సెలవు చీటీలో "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవుట్ ఎస్టర్‌డే" అని రాసిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళు చెప్పదలచుకున్నది తాతయ్య కాలం చేశారని. దానికి 'పాస్డ్ అవే'. మనం కన్నుమూశారు, కాలం చేశారు, పరమపదించారు అని మెత్తగా అంటామే, ఇంగ్లిష్‌లో ఆ మెత్తదనం పాస్ అవేలో ఉంది. అవే అంటే దూరంగా, తిరిగి రానంత దూరంగా. అవుట్ అయినవాళ్ళు మళ్ళీ లేస్తారు. దుఃఖంలో ఉన్న పిల్లవాడి చీటీ దిద్దాల్సి వస్తే నేను ఎర్ర సిరా వాడను. పక్కన కూర్చోబెట్టుకొని నోటితో చెబుతాను.

'పాస్ ఆన్'కీ మరణించడం అనే అర్థం ఉంది. "పాస్ ఆన్ ద మెసేజ్" అంటే కబురు చేరవేయమని. "ఐ విల్ పాస్ ఆన్ ద స్వీట్" అంటే స్వీటు నాకొద్దని. మూడింటినీ పక్క మాటలే విడదీస్తాయి.

పాస్‌తో వచ్చే మిగతావి కూడా చెప్పేయండి.

తరచుగా తగిలేవి మాత్రం చెబుతాను. పాస్ అప్ అంటే వచ్చిన అవకాశం వదులుకోవడం. పాస్ డౌన్ అంటే తరతరాలుగా అందించడం, అమ్మమ్మ నగలో వంటలో మనకు వచ్చినట్టు. పాస్ ఓవర్ అంటే ప్రమోషన్ లాంటి వాటిలో ఒకరిని పక్కనపెట్టేయడం. పాస్ ఆఫ్ అంటే నకిలీని అసలుగా చెలామణీ చేయడం.

పలకడం ఎలా?

'పాస్డ్' అని రాసినా చివర ట శబ్దమే పలుకుతుంది, 'పాస్ట్' అన్నట్టు. మనం అక్షరాన్ని చూసి 'పాస్‌డ్' అని విరిచి పలుకుతాం. తర్వాత వచ్చే అవుట్‌తో కలిసి 'పాస్టౌట్' అని ఒకే మాటలా వినిపిస్తుంది, ఒత్తు అవుట్ మీద పడుతుంది. అమెరికన్ నోట పా కాదు, 'ప్యాస్టౌట్'. పిన్ని ఆరోజు దీన్ని పట్టుకోలేకపోవడానికి ఉచ్చారణ కూడా ఒక కారణమని నా అనుమానం.

నాకు అర్థమైందో లేదో చూసుకోవడానికి ఏమైనా వాక్యాలు ఇస్తారా?

క్లాసు చివర నేను బోర్డు మీద రాసేవి ఇవే. ముందు మీరు తెలుగులో అనుకొని తర్వాత జవాబు చూడండి.

"షి పాస్డ్ అవుట్ ఇన్ ద క్యూ." వరుసలో నిలబడి ఉండగా ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది.

"ద స్టూడెంట్స్ ఆర్ పాసింగ్ అవుట్ పాంప్లెట్స్." విద్యార్థులు కరపత్రాలు పంచుతున్నారు. పక్కన వస్తువు పేరు ఉంది కాబట్టి పంచడమే.

"హి పాస్డ్ అవుట్ ఆఫ్ ద అకాడమీ విత్ ఆనర్స్." శిక్షణను గౌరవాలతో ముగించుకొని బయటికి వచ్చాడు. అకాడమీ అనే మాట దారి చూపించింది.

"వన్ క్యాడెట్ పాస్డ్ అవుట్ డ్యూరింగ్ ద పాసింగ్ అవుట్ పరేడ్." ఇక్కడ పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. మొదటి పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పడం, రెండోది శిక్షణ ముగింపు. కవాతుల్లో ఇలా నిజంగా జరుగుతుంది. మోకాళ్ళు బిగించి ఎండలో కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి మెదడుకు చాలదు. అందుకే బూట్ల లోపల ఎవరికీ కనపడకుండా కాలివేళ్ళు కదుపుతూ ఉండమని క్యాడెట్లకు చెబుతారు.